గడప దాటలేని వాళ్ల ఇంటికి పోయేటప్పుడు

బిడ్డా,

వచ్చే ఆదివారం నుంచి నువ్వు కూడా రోగుల ఇళ్లకు దివ్యసత్ప్రసాదం (పూజలో ఫాదర్ ఆశీర్వదించిన అప్పం) తీసుకుపోతున్నావని ఫాదర్ చెప్పారు. సంతోషం. ప్రార్థనలు నీకు నేర్పే ఉంటారు, వాటి జోలికి పోను. ఇళ్లల్లో ఎదురయ్యే సంగతులు చెప్తా.

ముందుగా, వస్తానన్న రోజు తప్పకు. మంచం పట్టిన మనిషికి వారమంతా ఒకటే తీరు. నువ్వు వచ్చే రోజు మాత్రం తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టించుకుని తలుపు దిక్కే చూస్తుంటారు. పోలేని రోజు ముందే ఫోన్ చెయ్యి. రెండిళ్లే చూస్తానంటే ఎవరూ ఏమనరు, పదిళ్లు ఒప్పుకొని ఎగ్గొట్టడమే తప్పు.

పూజ అయ్యాక ఫాతిమానగర్ చర్చి నుంచి నేరుగా వాళ్లింటికే పోవాలి. చేతిలో సత్ప్రసాదం పెట్టుకుని కాజీపేట చౌరస్తాలో చాయ్‌కి ఆగొద్దు.

మన ముసలమ్మలతో ఒక చిక్కుంది. సత్ప్రసాదం వస్తుందని పొద్దటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. షుగర్ మాత్ర మాత్రం వేసుకుంటారు! ఖాళీ కడుపుతో కళ్లు తిరిగి పడితే ఎవరిది బాధ్యత? సత్ప్రసాదానికి ముందు గంట ఉపవాసం ఉండాలన్న నియమం మనకే. వయసు మళ్లినవాళ్లకు, రోగులకు, వాళ్లను చూసుకునేవాళ్లకు అది లేదని శ్రీసభ (మన కతోలిక సంఘం) చట్టం 919వ నియమంలోనే ఉంది. ముందు రోజు ఫోన్‌లోనే "టిఫిన్ తిని ఉండవ్వా" అని గట్టిగా చెప్పు. మింగడం కష్టమైతే చిన్న ముక్క, వెంట చెంచాడు నీళ్లు. అసలే మింగలేకపోతే బలవంతం చేయకుండా ఫాదర్‌కు చెప్పు. ఆక్సిజన్ పెట్టిన ఇంట్లో కొవ్వొత్తి వెలిగించకు.

ఉత్త చేతులతో పోవడం మనకు నామోషీ. కానీ డయాలసిస్ వాళ్లకు కొబ్బరి బొండాలు, అరటిపళ్లు పట్టుకుపోకు. వాటిలో పొటాషియం ఎక్కువ, గుండెకే ప్రమాదం. నీకు జలుబు, దగ్గు ఉంటే ఆ వారం వేరేవాళ్లను పంపు.

మంచం మీద కాకుండా కుర్చీ దగ్గరికి జరుపుకొని కూర్చో. వాళ్లు పాత ముచ్చట పదోసారి చెప్పినా విను. "దేవుడు పరీక్షిస్తున్నాడు" అనకు. "మా ఎదురింటాయనకూ ఇదే జబ్బు" అని అసలే మొదలుపెట్టకు, ఆయన ఏమయ్యాడో వాళ్లు అడుగుతారు. మందులు మానమని గానీ, ఫలానా ఆకు పసరు తాగమని గానీ చెప్పడం మన పని కాదు. ఆ ఇంటి మాట ఇంకో ఇంటికి మోయకు, ప్రార్థన కోసమని కూడా.

చాలామంది రోగితో మాట్లాడి లేచి వస్తారు. వంటింట్లో ఉన్న కోడలిని ఎవరూ పలకరించరు. రాత్రుళ్లు నిద్ర లేనిది ఆమెకు. "నేను కూర్చుంటా, నువ్వు బజారుకు పోయి రా" అని చూడు. నన్నడిగితే జపమాల మొత్తం చెప్పినదానికంటే ఆమెకు అదే ఎక్కువ.

వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, అంటే రోగికి నూనె పూసి ప్రార్థించే సంస్కారం, ఫాదర్లు మాత్రమే ఇవ్వగలరు. ఆ మాటెత్తితే చావు దగ్గరపడిందని ఇంట్లోవాళ్లు భయపడి, తెలివి తప్పేదాకా ఆగుతారు. అది చివరి ఘడియకే కాదు, పెద్ద ఆపరేషన్‌కు ముందు కూడా తీసుకోవచ్చని మెల్లగా చెప్పు.

ఎండలు ముదిరాయి, పది లోపే ముగించుకో. శనివారం సాయంత్రం ఇంటికి రా, ఎవరికి చెవుడో, ఎవరింట్లో కుక్క ఉందో చెప్తా.

మీ పెద్దమ్మ