మైండ్‌ఫుల్‌నెస్‌తో పాటు ఒత్తిడి స్కోరూ పెరుగుతోంటే

బెంగళూరు హాస్టల్ విద్యార్థులపై మీరు చేసిన సర్వేలో మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంపై ఎరుక) పెరిగితే ఒత్తిడి తగ్గాల్సింది పోయి, రెండు స్కోర్లూ కలిసి పెరుగుతున్నాయన్నారు. దీనికి కారణం బహుశా రివర్స్ స్కోరింగ్ (వ్యతిరేక అర్థంలో అడిగిన ప్రశ్నల స్కోరును తిప్పి లెక్కించడం) జరగకపోవడమే.

1. మైండ్‌ఫుల్‌నెస్‌ను ఐదు విభాగాల్లో కొలిచే ఎఫ్ఎఫ్ఎంక్యూ ప్రశ్నావళిలోని 39 ప్రశ్నల్లో 19 తిప్పాలి: 6 నుంచి జవాబును తీసివేయండి.

2. ఒత్తిడిని కొలిచే పీఎస్ఎస్-10 ప్రశ్నావళిలో 4, 5, 7, 8 ప్రశ్నలకు 4 నుంచి జవాబును తీసివేయాలి.

ఆల్ఫా (ఒక విభాగంలోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే కొలత) బాగుందని చాలామంది తనిఖీ ఆపేస్తారు. అక్కడే మోసపోయేది. ఎఫ్ఎఫ్ఎంక్యూలో ఎరుకతో పనిచేయడం, తప్పొప్పులు ఎంచకపోవడం అనే విభాగాల్లో ఎనిమిదేసి ప్రశ్నలూ తిప్పాల్సినవే. అన్నీ ఒకే దిశలో ఉంటాయి కనుక ఒక్కటి కూడా తిప్పకపోయినా ఆ విభాగాల ఆల్ఫా మారదు. కాబట్టి ప్రశ్నల సంఖ్యలను స్కోరింగ్ పత్రంతో ఒక్కొక్కటిగా సరిచూడండి.

3. తర్వాత ఐదు విభాగాలకూ విడివిడిగా ఒత్తిడితో సహసంబంధం (రెండు స్కోర్లూ కలిసి ఎలా మారుతున్నాయో) చూడండి. ధ్యానం అలవాటు లేనివారిలో 'గమనించడం' ఒక్కటి ఒత్తిడితో కలిసి పెరగవచ్చు. దయచేసి దాన్ని తొలగించకండి, ఉన్నది ఉన్నట్టే రాయండి.