తుపాకి తంతదా, తంటదా?

సందేహం: మాది మిర్యాలగూడ, మెకానికల్ డిప్లొమా చదువుతున్న. కాలేజి మ్యాగజైన్‌కు "తేలికైన తుపాకి వెన్నుదన్ను యంత్రాంగం" అని వ్యాసం రాసిన. రికాయిల్ అంటే గుండు పోంగనే తుపాకి ఎనకకు కొట్టుడు, దానికి నేను పెట్టిన ఈ మాట కరెక్టేనా? మా తాత "తుపాకి తంతది" అంటడు, అట్ల రాస్తే మోటుగ ఉంటదా, "తంటది" అని రాయాల్నా?

సమాధానం: తమ్మీ, తాత మాటే కరెక్టు. తిను, విను, కొను అనేటివి తింటడు, వింటడు, కొంటడు అయితయి గద అని తన్నును గూడ తీస్కపోయి అదే వరుసల కూసోబెట్టినవ్, గని దాంట్ల ఉన్నది న్న, అది తంతడు, తంతది అనే పోతది. తంటా అంటే వేరే, అది నీ టైటిల్‌తోని నాకొచ్చింది.

ఎందుకంటే వెన్నుదన్ను అంటే ఆసరా. "ఊరంత ఆయనకు దన్నుగ నిలవడ్డది" అంటం సూడు, గా దన్ను. నువ్వేమో వెనకకు తన్నేది అనుకొని కలిపినవ్, సమాసంల త పోయి ద వచ్చేసరికి తన్నేదీ దన్నుగ నిలిచేదీ రాతల ఒక్క తీరే అయిపాయె. అందుకే కలపకు, "ఎదురు తన్నుడు" అని విడిగ రాయి. కొట్టుడు, గుంజుడు, తన్నుడు, మన దిక్కు ఇట్లనే అంటరు, కోస్తా దిక్కు తన్నడం అంటరు, రెండూ తెలుగే. ఎదురుదెబ్బ గూడ వద్దు, దాన్ని పేపరోళ్లు ఎలక్షన్లకు రాసిచ్చిన్రు. మోటు అంటవా, కరెంటు మోటర్లు రాకముందు బాయి కాడ ఆయిల్ ఇంజన్ తిప్పినోళ్లను అడుగు, హ్యాండిల్ ఉల్టా తంతే మణికట్టు ఏమైతదో చెప్తరు, బుల్లెట్ బండి కిక్కు కాడ గూడ గదే మాట.

అసలు పంచాయతి "తేలికైన" కాడ ఉన్నది. ఏది తేలిక? తుపాకా, యంత్రాంగమా, తన్నుడా? మన భాషల విశేషణం ముందట నిలవడి ఎనకున్న ఏ పేరుకైనా తగులుకుంటది, వ్యాకరణం దాన్ని ఆపదు, గని నీ సబ్జెక్టుల ఇవి ఒకదానికొకటి పడయి గద. పాత త్రీ నాట్ త్రీ రైఫిల్ తీస్కో. గుండు సుమారు 11 గ్రాములు, పోయేది సెకనుకు 740 మీటర్ల వేగంతోని, రైఫిల్ దగ్గర దగ్గర 4 కిలోలు. మందు పొగ లెక్క వదిలేసినా రైఫిల్ సెకనుకు 2 మీటర్ల వేగంతోని ఎనకకొస్తది. దాన్ని 2 కిలోలు చేసినవనుకో, వేగం 4 మీటర్లు అయితది, భుజానికి తగిలే శక్తి 8 జౌళ్ల నుంచి 16కు పోతది. తుపాకి తేలికయితే తన్నుడు డబల్ అన్నట్టు. ఇంక నీ టైటిల్ చదివినోడు ఏమనుకోవాలె?

నాకిది లెక్కలతోని తెల్వలే. ఎన్‌సీసీల పాయింట్ టూటూ అనే చిన్న రైఫిల్ కొట్టినప్పుడు ఏం అనిపించలే, ఒకనాడు హవల్దార్ సారు త్రీ నాట్ త్రీ ఒక్క రౌండు కొట్టనిచ్చిండు, రైఫిల్ మడమను, అంటే ఎనకటి కొసను, భుజం గుంతలకు గట్టిగ వత్తి పట్టమన్నడు, నేను బెదిరి రెండు వేళ్లంత సందు వదిలిన. మూడ్రోజులు నీలం మచ్చ. వత్తి పడితే ధక్కా అయ్యేది, సందు వదిలితే ఝట్కా అయ్యింది. ఈ రెండు మాటలూ మన నోట్ల ఉన్నయి, వ్యాసంల వాడు. గుండు ఇచ్చే ఎదురు లెక్క మారది, స్ప్రింగు, నూనె, రబ్బరు ఇవన్ని చేసే పని ఝట్కాను సాగదీసి ధక్కా చేసుడే. 1897ల ఫ్రెంచోళ్ల 75 మిల్లీమీటర్ల ఫిరంగి గట్లనే, గొట్టం ఒక్కటే ఎనకకు జారేది, నూనె, గాలి దాన్ని ఆపి మళ్ల ముందుకు తెచ్చేవి, బండి నిలవడ్డకాడనే ఉండేది.

యంత్రాంగాన్ని తేలిక చేసినా తంటానే. పిస్తోల్ల స్లైడును, అంటే గొట్టం మీద ముందుకెనకకు జారే ఇనుప భాగాన్ని, తేలిక చేస్తే ఎనకకు జోరుగ ఉరికి చివర్ల ఫ్రేముకు గుద్దుకుంటది, అది ఆగాలని స్ప్రింగు గట్టిది పెడితే చేత్తోని గుంజస్తలేదంటరు, మందు తక్కువున్న తూటాకు స్లైడు పూర్తిగ ఎనకకే పోక ఇరుక్కుంటది. గొట్టం మూతికి బ్రేకు పెడితే పొగ పక్కకు మళ్లి తన్నుడు తగ్గుతది గని కొట్టెటోని చెవులు, పక్కోని చెవులు గుయ్యిమంటయి.

ఇంకోటి, తన్నుడుకు తేలిక అతకది. దెబ్బ గట్టిగ తాకుతది, మెల్లగ తాకుతది, తక్కువ తంతది, ఎక్కువ తంతది, తేలిక అనేది తూకంల పెట్టే వస్తువుకో, సులువైన పనికో. నువ్వు చెప్పాలనుకున్నది బరువు గురించే అయితే "బరువు తగ్గించిన రికాయిల్ యంత్రాంగం" అను, దెబ్బ గురించయితే "తక్కువ తన్నే తుపాకి" అను. రికాయిల్ అనే మాట లోపల ఉంచుకో, మెకానికల్ పిల్లలకు తెలిసిందే. నన్నడిగితే టైటిల్ "తుపాకి బరువు తగ్గితే ఎందుకు ఎక్కువ తంతది?" అని పెట్టు, అచ్చుకిచ్చే ముందు తాతకొకసారి చదివి వినిపియ్యి.