బండి నడిచినంత మాత్రాన ట్రెయిలర్ బ్యాటరీ నిండదు

వేసవి సెలవులు దగ్గరపడుతుంటే మా డాలస్ వైపు కొత్తగా వచ్చినవాళ్ళు తరచూ అడిగే సందేహం ఇది. "అన్నా, ట్రావెల్ ట్రెయిలర్, అదే బండి వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, తగిలించుకుని గ్రాండ్ కాన్యన్ వెళ్తున్నాం. వెయ్యి మైళ్ళు బండి నడుస్తూనే ఉంటుంది కదా, ట్రెయిలర్ బ్యాటరీకి ఛార్జింగ్ దానంతట అదే ఎక్కేస్తుందా?"

ఎక్కుతుంది. కానీ మీరు అనుకున్నంత ఎక్కదు. కొన్ని బండ్లలో అసలే ఎక్కదు. చంటిపిల్లలతో కొండల మీద బస చేసి, అర్ధరాత్రి హీటర్ ఫ్యాన్ ఆగిపోయి, తెల్లవార్లూ కారులో కూర్చున్న కుటుంబాలు నాకు తెలుసు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు బండి వెనక సాకెట్ చూడండి. మనవాళ్ళు ఎక్కువగా కొనే ఎస్‌యూవీలు, మినీవ్యాన్లకు హిచ్ (ట్రెయిలర్ తగిలించే కొక్కెం) బిగించేటప్పుడు చాలాచోట్ల 4 పిన్నుల సాకెట్ పెట్టి పంపేస్తారు. అందులో ట్రెయిలర్ లైట్లు, ఇండికేటర్లు, ఎర్త్ తప్ప ఇంకేం ఉండవు. ఛార్జింగ్ వైరే లేనప్పుడు ఎన్ని మైళ్ళు తోలినా లాభం లేదు. మీకు కావలసింది గుండ్రటి 7 పిన్నుల సాకెట్. మూత ఎత్తి ఎదురుగా నిలబడితే గడియారంలో ఒంటిగంట స్థానంలో ఉన్న పిన్ను ఛార్జింగ్‌ది, ఏడు దగ్గరది ఎర్త్. పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి ఉంటే శుభ్రం చేయించండి. ఆ చిలుము కూడా వోల్టేజీని తినేస్తుంది.

7 పిన్నులు ఉన్నాయని అక్కడితో నిశ్చింతగా ఉండకండి. కొన్ని ట్రక్కులు ఆ లైనుకు ఫ్యూజో రిలేయో పెట్టకుండానే ఫ్యాక్టరీ నుంచి బయటికి వస్తాయి. కొన్ని కొత్త బండ్లు ట్రెయిలర్ తగిలిందని గుర్తిస్తే గానీ ఆ పిన్నుకు కరెంటు వదలవు. కాబట్టి అసలు పరీక్ష ట్రెయిలర్ బ్యాటరీ దగ్గరే చెయ్యాలి. మామూలు మల్టీమీటర్ చాలు. ప్లగ్ పెట్టి, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మీద వోల్టేజీ చూడండి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి మళ్ళీ చూడండి. అంకె కదలకపోతే ఛార్జింగ్ అందడం లేదన్నమాట. 12.4 నుంచి 13.2కి పెరిగితే అందుతోంది, కానీ నెమ్మదిగా.

ఎందుకు నెమ్మది? ఇంజన్‌తో తిరిగి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ దగ్గర 14.2 వోల్టులు ఉన్నా, అది బండి ముందు నుంచి ట్రెయిలర్ ముక్కు దాకా రావాలి. పోను 30, రాను 30, మొత్తం 60 అడుగుల వైరు అనుకోండి. 12 గేజ్ వైరులో 15 ఆంప్స్ పారితే దాదాపు 1.4 వోల్టులు దారిలోనే పోతాయి. కొంచెం మందంగా ఉండే 10 గేజ్ అయితే 0.9 పోతుంది. మేడ మీద ట్యాంకు నిండుగా ఉన్నా, సన్న పైపు చివర కుళాయిలో నీళ్ళు సన్నగా వచ్చినట్టే ఇదీ. లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా నిండాలంటే 14.4 వోల్టుల చుట్టుపక్కల కావాలి. మీ ట్రెయిలర్ దగ్గరికి చేరేది 13 చిల్లర. సగం ఖాళీ అయిన 100 ఆంపియర్ అవర్ల (బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీకి 5 ఆంప్స్ చొప్పున ఎక్కితే, ఆ సగం నిండడానికి 10 గంటలు పైనే పడుతుంది.

దీనికి తోడు కొత్త బండ్లలో స్మార్ట్ ఆల్టర్నేటర్లు వచ్చాయి. బండి సొంత బ్యాటరీ నిండగానే, ఇంధనం ఆదా కోసం వోల్టేజీని 13 దాకా, ఒక్కోసారి అంతకంటే కిందికి తగ్గించేస్తాయి. వెనక ట్రెయిలర్ ఆకలితో ఉందని వాటికి తెలియదు. టో మోడ్ (ట్రెయిలర్ లాగేటప్పుడు వాడే సెట్టింగ్) ఆన్ చేస్తే కొన్ని బండ్లలో వోల్టేజీ పెరుగుతుంది. మీ బండిలో పెరుగుతుందో లేదో మీటర్ పెట్టే తేల్చుకోవాలి.

ఇక ఫ్రిజ్. గ్యాస్ మీదా కరెంటు మీదా నడిచే పాతరకం ఫ్రిజ్‌ను దారిలో 12 వోల్టుల మీద పెడితే, దాని హీటర్ ఒక్కటే 15, 20 ఆంప్స్ లాగేస్తుంది. వచ్చిందంతా దానికే సరిపోతుంది. క్యాంపుకి చేరేసరికి బ్యాటరీ బయల్దేరినప్పటి కంటే దిగి ఉన్నా ఆశ్చర్యం లేదు. ముందు రోజు ఇంట్లో ప్లగ్ పెట్టి ఫ్రిజ్ బాగా చల్లబరచుకోండి. గడ్డకట్టిన నీళ్ళ సీసాలు లోపల సర్ది, దారిలో ఆపేసి, తలుపు తెరవకుండా ఉంచితే కొన్ని గంటలు నిలుస్తుంది. కంప్రెసర్ ఫ్రిజ్ అయితే అంత తినదు, ఆన్‌లోనే ఉంచొచ్చు.

మీది సొంత ట్రెయిలర్ అయి, కరెంటు లేని చోట్ల దిగే అలవాటు ఉంటే డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టించుకోండి. దారిలో తగ్గిపోయిన వోల్టేజీని ఇది మళ్ళీ 14.4కి లేపి బ్యాటరీకి ఇస్తుంది. అయితే 20 ఆంప్స్ ఇచ్చే ఛార్జర్ బండి నుంచి 27 ఆంప్స్ దాకా లాగుతుంది. 7 పిన్నుల లైను ఫ్యూజ్ చాలా బండ్లలో 30 ఆంప్స్. అంటే 20 ఆంప్స్ ఛార్జరే అంచు మీద ఉన్నట్టు. అంతకు మించి కావాలంటే బండి బ్యాటరీ నుంచి ఇంకా మందమైన 6 గేజ్ లేదా 4 గేజ్ వైరు విడిగా లాగి, మధ్యలో యాండర్సన్ కనెక్టర్ (ఎక్కువ కరెంటు మోసే ప్లగ్) పెట్టి, రెండు బ్యాటరీల దగ్గరా ఫ్యూజ్ వేయించాలి. ఈ పని తెలిసినవాళ్ళ చేతే చేయించండి. ఫ్యూజ్ లేని లావు వైరు ఎక్కడైనా ఇనుముకు రాసుకుంటే మంటలే.

అద్దె ట్రెయిలర్‌కి ఇలాంటి మార్పులేవీ చెయ్యకూడదు. యజమానిని మూడు విషయాలు అడగండి: బ్యాటరీ ఏ రకం, ఎన్ని ఆంపియర్ అవర్లు, పైన సోలార్ ఉందా. 200 వాట్ల ప్యానెల్ ఉంటే, అరిజోనా ఎండలో రోజుకు 50, 60 ఆంపియర్ అవర్లు వస్తాయి. దారి పొడుగునా బండి ఇచ్చేదాని కంటే అదే నయం. వీలైతే హుకప్ (ట్రెయిలర్‌కి కరెంటు ప్లగ్ పెట్టుకునే సదుపాయం) ఉన్న చోటే బుక్ చేసుకోండి. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో ట్రెయిలర్ విలేజ్‌లో కరెంటు ఉంది, పక్కనే ఉన్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో లేదు. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కచోటే ఉంది. యోసెమిటీ క్యాంప్‌గ్రౌండ్లలో ఎక్కడా లేదు.

హుకప్ లేని చోట రైస్ కుక్కర్ సంగతి మర్చిపోండి. 700 వాట్ల కుక్కర్ ఇన్వర్టర్ మీద 12 వోల్టుల బ్యాటరీ నుంచి 60 ఆంప్స్ పైనే లాగుతుంది. ట్రెయిలర్‌లో గ్యాస్ పొయ్యి ఉంది కదా, దాని మీద ప్రెషర్ కుక్కర్ పెట్టుకోండి. అన్నం, పప్పు రెండూ అయిపోతాయి.

పైవన్నీ సౌకర్యం గురించి. ఇప్పుడు చెప్పేది ప్రాణాల గురించి. నడుస్తుండగా ట్రెయిలర్ హిచ్ నుంచి ఊడిపోతే, బ్రేక్అవే స్విచ్ పిన్ను లాగబడి ట్రెయిలర్ బ్రేకులు వాటంతటవే పట్టుకోవాలి. ఆ బ్రేకులకు కరెంటు వచ్చేది ట్రెయిలర్ బ్యాటరీ నుంచే. అది డౌన్ అయి ఉంటే, హైవే మీద మీ వెనక వస్తున్న కుటుంబానికి రక్షణ లేదు. క్యాంపులో రెండు రాత్రులు గడిపి బ్యాటరీ పడిపోతే, "దారిలో ఎక్కుతుందిలే" అని బయల్దేరకండి. జనరేటర్ పెట్టి అయినా కాస్త ఎక్కించుకున్నాకే కదలండి.

క్యాంపుకి చేరాక 7 పిన్నుల ప్లగ్ తీసేయండి. కొన్ని బండ్లలో ఇంజన్ ఆపినా ఆ లైన్ తెగదు. తెల్లారేసరికి బండి బ్యాటరీ కూడా కూర్చుంటుంది.

లిథియం బ్యాటరీ కొనేవాళ్ళకు ఒక్క మాట. సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే ఎక్కువ చలిలో దానికి ఛార్జింగ్ పెడితే లోపల పాడవుతుంది. సెప్టెంబరులో ఎల్లోస్టోన్‌లో తెల్లవారుజామున ఆ చలి మామూలే. తనను తాను వేడి చేసుకునే రకం, లేకపోతే చలిలో ఛార్జింగ్ ఆపేసుకునే రకం అని అడిగి కొనండి.