ఆ విలియం బతికాడో లేదో ముందు చూడు

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "మీ మేనకోడలు కొత్త పని నెత్తినేసుకుంది వదినా. అల్లుడుగారి వాళ్ల ఏడు తరాలూ వెతికి, పాప మొదటి పుట్టినరోజుకి వంశవృక్షం అచ్చు వేయించి అత్తగారికి ఇస్తుందట" అంది. భలే పిల్ల అని మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక ఆ "అచ్చు" అన్న మాట దగ్గర ఆగిపోయి, ఇక నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పెడితే సగం చదివి ఒక బొమ్మ పెట్టి వదిలేస్తావు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. పాప దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్లు. ఎవరో పేరున్న పెద్దమనిషిని పట్టుకుని ఆయన దగ్గర్నుంచి మీ ఇంటిదాకా దారి వేయకు. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకో. ఇంగ్లాండ్‌లో 1837 జూలై 1 నుంచి పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు ప్రభుత్వ రిజిస్టర్లలో ఉంటాయి. జనాభా లెక్కలు 1921 దాకా చూడనిస్తారు. 1931వి అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, వాటి కోసం టైమ్ వేస్ట్ చేసుకోకు. 1841 లెక్కల్లో పెద్దవాళ్ల వయసుని ఐదేళ్ల లెక్కకు దించి రాశారు, 39 ఏళ్ల మనిషి 35గా కనిపిస్తాడు. డబ్బు కట్టే సైట్లకి ఇప్పుడే కట్టకు. చాలా పబ్లిక్ లైబ్రరీల్లో వాటిని ఊరికే చూడొచ్చు, ఫ్యామిలీసెర్చ్, ఫ్రీరెగ్ అనే సైట్లు ఎలాగూ ఉచితమే.

1837కి ముందు చర్చి పుస్తకాలే దిక్కు. ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో, 1538లో, ఆయన మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే ప్రాంతంలోనూ, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు రాయాలని ఆజ్ఞ వేశాడు. అంత పాతవి మిగిలిన చర్చిలు తక్కువ. అక్కడి అంతర్యుద్ధం నాటి 1640లలో, ఆ తర్వాత 1660 దాకా ఖాళీలు తగిలితే కంగారుపడకు, అందరికీ తగులుతాయి. పుస్తకం పోయినచోట బిషప్‌కి ఏటా పంపిన నకలు ఉందేమో అడుగు. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి కాబట్టి తండ్రి పని, ఉండే ఊరు, చనిపోయినవాళ్ల వయసు దొరుకుతాయి. దానికి ముందు పాదిరిగారి ఓపికను బట్టి. నీ మొగుడి వాళ్లది యార్క్‌షైర్ కావడం నీ అదృష్టం. అక్కడ విలియం డేడ్ అనే పాదిరి పుణ్యమా అని 1770ల నుంచి 1812 దాకా కొన్ని పారిష్‌లలో బిడ్డ పేరు పక్కన తాతలు, అమ్మమ్మలు, వాళ్ల ఊళ్లు కూడా రాశారు. అలాంటి పేజీ తగిలితే నాకు ఫొటో పంపు, నేనూ చూసి సంతోషిస్తాను.

ఇంకొకటి, 1752కి ముందు ఇంగ్లాండ్‌లో ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1720 ఏప్రిల్‌లో పెళ్లి, 1720 ఫిబ్రవరిలో బిడ్డ అని కనిపిస్తే ఆ ఫిబ్రవరి పెళ్లి తర్వాత పది నెలలకి వచ్చిందే. ఎప్పుడో మట్టిలో కలిసిన ఆడపిల్ల మీద ఊరికే నింద వేయకు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ మావయ్య చేసిన పని.

ఆయన వాళ్లది లింకన్‌షైర్, పొలం కూలీల కుటుంబం. రిటైరయ్యాక ఆయనకీ ఈ పిచ్చి పట్టింది. 1851 జనాభా లెక్కల్లో విలియం అనే ముత్తాత దొరికాడు, అరవై ఏళ్లవాడు. అంటే 1791 ప్రాంతంలో పుట్టి ఉండాలి. వెబ్‌సైట్‌లో వెతికితే అదే ఇంటిపేరుతో ఒక విలియం, 1791 మార్చిలో బాప్తిస్మం, తండ్రి మిల్లు నడిపేవాడు. ఇక ఆయన ఆగలేదు. ఆ మిల్లు కుటుంబం చర్చి పెద్దలు, వీలునామాలు రాసుకున్నవాళ్లు, పన్ను కట్టినవాళ్లు. కాగితం ఉన్నవాళ్ల వెనక పడటం సులువు, తరం తర్వాత తరం 1600ల దాకా పాకిపోయాడు. నేను అన్నం పెట్టి పిలిస్తే "ఒక్క నిమిషం, ఇంకో తాత దొరుకుతున్నాడు" అనేవాడు.

అదే 1851 కాగితంలో విలియం పుట్టిన ఊరు రాసి ఉంది. మిల్లు ఉన్న ఊరు కాదు, దాని పక్క ఊరు. నేను వేలు పెట్టి చూపించాను. "లెక్కలు రాసినవాడికి తెలియక రాసుంటాడు" అని కొట్టిపారేశాడు. ఆయనకి మిల్లు నచ్చింది, అంతే. చెట్టు గీయించి, ఫ్రేములు కట్టించి, క్రిస్మస్‌కి చుట్టాలందరికీ పంచాడు. మా అత్తగారు తనది హాల్లో తగిలించుకున్నారు.

తర్వాత ఎవరో పాత రిజిస్టర్లు ఎక్కించే వలంటీరు ఆయనకి ఒక్క లైను రాశారు: "ఆ పారిష్ భూస్థాపనలు చూశారా?" చూడలేదు. ఆయన వాడిన సైట్‌లో ఆ ఊరి బాప్తిస్మాలు మాత్రమే ఉన్నాయి, భూస్థాపనలు ఎక్కించలేదు. లింకన్‌లో రికార్డుల ఆఫీసుకి వెళ్లి పుస్తకం తెరిస్తే అదే ఏడాది నవంబరులో ఉంది, అదే తండ్రి, అదే తల్లి, కొడుకు విలియం. ఎనిమిది నెలల పసివాడు. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్ని కనలేదు, 1851 చూడలేదు. వాడి మీద ఆయన ఇంత చెట్టు నిలబెట్టాడు.

అసలు విలియం పక్క ఊరి రిజిస్టర్‌లోనే ఉన్నాడు, జనాభా లెక్కలు చెప్పిన ఊళ్లోనే. తండ్రి పేరు లేదు, తల్లికి పెళ్లి కాలేదు. చర్చిలో పారిష్ కాగితాలు దాచే పెట్టెలో బిడ్డ ఖర్చు భరిస్తానని ఒక మనిషి రాసిచ్చిన పూచీపత్రం దొరికింది. అప్పట్లో బిడ్డ పోషణ పారిష్ మీద పడకుండా తండ్రిని వెతికి పట్టుకునేవాళ్లు. మనవాళ్లలో ఒకే తాత పేరు మనవళ్లందరికీ పెట్టినట్టే వాళ్లూ పెట్టేవాళ్లు. బిడ్డ పోతే తర్వాతి బిడ్డకి మళ్లీ అదే పేరు. అందుకే ఒక బాప్తిస్మం దొరకగానే దాని తర్వాతి పదేళ్ల భూస్థాపనలు, చుట్టుపక్కల ఊళ్ల పుస్తకాలు కూడా చూడాలి. ఇండెక్స్‌లో, అంటే సైట్‌వాళ్లు ఎక్కించిన పేర్ల జాబితాలో, పేరు దొరికితే చాలదు, అసలు రిజిస్టర్ పేజీ ఫొటో చూడు. ఇండెక్స్‌లో ఏ ఊరిది ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఉందో కూడా చదువు. లేనిది లేదని అక్కడే రాసి ఉంటుంది, మనమే చదవం.

ఆయన వెళ్లి మా అత్తగారికి సంగతి చెప్పాడు. ఆవిడ "నాకు మిల్లు వాళ్లే బాగున్నారు, నా గోడ ముట్టుకోకు" అంది. ఆ తర్వాత చాలాకాలం కొడుకుతో ముభావంగానే ఉంది. పంచిన కాపీల్లో ఒకదాన్ని ఎవరో చుట్టాలు ఆన్‌లైన్‌లో ఎక్కించారు, దాన్ని చూసి ఇంకొకరు దింపుకున్నారు. మావయ్య పోయాక కూడా ఆ చెట్టు తిరుగుతూనే ఉంది. నేను కనిపించినవాళ్లకల్లా రాస్తుంటాను. కొందరు దిద్దుకుంటారు, కొందరు జవాబివ్వరు.

అందుకని అచ్చు వద్దు చిట్టీ, ఇప్పుడే వద్దు. మీ అత్తగారు మంచావిడే, కానీ నువ్వు కోడలివి. వాళ్ల వంశంలో పెళ్లి కాని తల్లి బయటపడితే నువ్వే తవ్వావన్న మాట నీకే తగులుతుంది. ముందు నీ మొగుడికి చెప్పు, ఆవిడకి చెప్పాలా వద్దా వాడు తేలుస్తాడు. డీఎన్‌ఏ కిట్ కూడా కొనుక్కుంటానన్నావట. అది 1791తో ఆగదు, బతికున్నవాళ్ల గుట్టు కూడా బయటపెడుతుంది. నన్నడిగితే వద్దంటాను. నువ్వు వినవని తెలుసు.

ఆన్‌లైన్‌లో సాయం అడగడానికి మొహమాటపడకు. ఊరూపేరూ తెలియనివాళ్లు సాయంత్రాలన్నీ కూర్చుని వేరేవాళ్ల ముత్తాతల్ని వెతికిపెడతారు, అలాంటి మంచితనం నేను ఇంకెక్కడా చూడలేదు. "మా తాతగారి వివరాలు చెప్పండి" అని అడగకు. పేరు, ఊరు, ఏడాది, ఇప్పటిదాకా ఏ పుస్తకాలు చూశావో, ఎక్కడ చిక్కుపడ్డావో రాయి. బతికున్నవాళ్ల పేర్లు, ముఖ్యంగా పాప పేరు, పుట్టినరోజు, ఎక్కడా పెట్టకు. వేరేవాళ్లు గీసిన చెట్లని సూచనగా వాడుకో, సాక్ష్యంగా కాదు.

వాళ్లలో ఎవరైనా సిపాయిగా మద్రాసు వైపు వచ్చారని తేలితే నాకు వెంటనే చెప్పు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్ల నకళ్లు లండన్‌కి పంపేవాళ్లు, అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. సికింద్రాబాద్ కంటోన్మెంట్లోనో మన బందరులోనో ఒక పేరు దొరికితే మీ నాన్న పొంగిపోతాడు.

వేక్‌ఫీల్డ్‌లో వెస్ట్ యార్క్‌షైర్ రికార్డుల ఆఫీసు ఉంది, నీకు దగ్గరే. పెన్ను తీసుకెళ్లకు, లోపల పెన్సిలే వాడనిస్తారు. ఏ రోజుల్లో తెరుస్తారో, ముందు సీటు బుక్ చేయాలేమో కనుక్కుని నాకు చెప్పు. రైలెక్కి వస్తాను, నువ్వు వెళ్లొచ్చేదాకా పాప నా దగ్గర ఉంటుంది. రాత్రి పన్నెండు దాకా కంప్యూటర్ ముందు కూర్చుంటున్నావని కూడా మీ అమ్మ చెప్పింది. పాలిచ్చే తల్లివి, తిని పడుకో. పాపకి పళ్లు వస్తున్నాయా?

మీ అత్తయ్య