కమ్యూనిటీ కాలేజీలో చేరిన కొడుకు, మాట మానేసిన తండ్రి

ప్రశ్న: మాది గుంటూరు. ఇరవై ఏళ్లుగా కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. కంప్యూటర్ సైన్స్‌కి దరఖాస్తు పెట్టిన యూసీలన్నీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) కాదన్నాయి. రెండేళ్లు డి ఆంజా అనే కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) చదివి యూనివర్సిటీ మూడో ఏడాదిలోకి ట్రాన్స్‌ఫర్ అవుతానని వాడే వెళ్లి చేరాడు. ఈ నెలాఖరున క్లాసులు మొదలు. మావారు వేసవి నుంచీ వాడితో మాట్లాడటం లేదు. మాట్లాడితే ఒకటే మాట: "క్వార్టర్‌కి (మూడు నెలల టర్ముకి) 20 యూనిట్లు (క్రెడిట్లు) తీసుకో, ఏడాదిలో ముగించి బర్క్‌లీకి వెళ్లు." ఊళ్లో అత్తగారికి మాత్రం డేవిస్‌లో సీటొచ్చిందని చెప్పేశారు. ఆవిడ ఫోన్ మోగితే వాడు గదిలోకి వెళ్లి తలుపేసుకుంటున్నాడు. మధ్యలో నేను నలిగిపోతున్నాను.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు బాధలున్నాయి. పరువు గురించిన బాధ నెమ్మదిగా తగ్గుతుంది. కానీ ఆ పరువు కోసం మీవారు పెడుతున్న "ఏడాదిలో" అనే గడువు పిల్లవాడి ట్రాన్స్‌ఫర్‌కే ఎసరు పెడుతుంది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం. ఆయన లెక్కలు వినే మనిషిలా ఉన్నారు కాబట్టి లెక్కలే చెప్పండి.

యూసీకి ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు వచ్చే ఏడాది చేరడానికి ఈ ఏడాది అక్టోబరు, నవంబరు నెలల్లోనే పెట్టాలి. అంటే ఏడాదిలో వెళ్లాలంటే మీవాడు కాలేజీలో కాలుపెట్టిన రెండు నెలలకే దరఖాస్తు పంపాలి. అప్పటికి వాడి చేతిలో ఒక్క గ్రేడు కూడా ఉండదు. ట్రాన్స్‌ఫర్‌లో హైస్కూలు మార్కులు చూడరు, చూసేది కాలేజీ గ్రేడ్లే. రెండో ఏడాది నవంబరులో పెడితే మూడు క్వార్టర్ల గ్రేడ్లు చూపించవచ్చు. జనవరిలో అకడమిక్ అప్‌డేట్ అనే ఫారం నింపితే నాలుగోదీ చేరుతుంది. ఆ ఫారం మరిచిపోయి సీటు పోగొట్టుకునే పిల్లలున్నారు, క్యాలెండర్‌లో ఇప్పుడే రాసిపెట్టమనండి.

రెండో లెక్క. డి ఆంజాలో కాల్క్యులస్ నాలుగు ముక్కలు: మ్యాథ్ 1ఏ, 1బి, 1సి, 1డి. ఒకటి పాసైతేనే తర్వాతది. ఏడాదికి క్వార్టర్లు మూడు, కావాలంటే వేసవి. ఆ నాలుగూ అయ్యాకే డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, లీనియర్ ఆల్జీబ్రా. ప్రోగ్రామింగ్ భాష సీ ప్లస్ ప్లస్ వరస 22ఏ, 22బి, 22సి. ఫిజిక్స్ 4ఏ మొదలుపెట్టాలన్నా కాల్క్యులస్ కొంత అయి ఉండాలి. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి నడిచే గొలుసులు, డబ్బు పెట్టో నిద్ర మానుకునో కుదించలేం. ఏపీ కాల్క్యులస్‌లో (హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) మంచి స్కోరుంటే మొదటి ఒకటి రెండు ముక్కలు తప్పవచ్చు. కానీ ఆ స్కోరు పరీక్ష నడిపే కాలేజ్ బోర్డు నుంచి నేరుగా కాలేజీకి చేరాలి, వెళ్లబోయే యూనివర్సిటీ కూడా దాన్ని ఒప్పుకుంటోందా చూసుకోవాలి.

ఒక యూనిట్‌కి క్లాసూ హోంవర్కూ కలిపి వారానికి మూడు గంటలని లెక్క. 20 యూనిట్లంటే 60 గంటలు. 15 అంటే 45. ట్రాన్స్‌ఫర్‌కి కావలసినవి 90 క్వార్టర్ యూనిట్లు, అంటే ఆరు క్వార్టర్లు, పదిహేనేసి చొప్పున సరిగ్గా సరిపోతాయి. మొదటి క్వార్టర్‌కి ఒక మ్యాథ్, ఒక ప్రోగ్రామింగ్, ఒక ఇంగ్లీషు చాలు. మ్యాథ్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ మూడూ మొదటిసారే నెత్తిన పెట్టుకున్నవాళ్లు ఆరో వారంలో ఏదో ఒకటి వదిలేస్తారు. ఆలస్యంగా వదిలితే ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పత్రం) మీద డబ్ల్యూ, అంటే మధ్యలో వదిలేశాడన్న గుర్తు పడుతుంది, గొలుసు ఒక క్వార్టర్ వెనక్కి జరుగుతుంది. సి వచ్చిన కోర్సును మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాస్తామంటే యూసీ లెక్కలోకి తీసుకోదు. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీ క్లాసులేమైనా చేశాడా? చేసి ఉంటే ఆ గ్రేడ్లు కూడా ట్రాన్స్‌ఫర్‌కి చూసే జీపీఏలో (సగటు గ్రేడులో) కలుస్తాయి. చాలా ఇళ్లలో ఈ సంగతి దరఖాస్తు నింపేటప్పుడే బయటపడుతుంది.

ఇక ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందన్నది. అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైటుంది, కాలిఫోర్నియా ప్రభుత్వ కాలేజీలన్నిటికీ అదే ప్రమాణం. ఏడాది, కాలేజీ, యూనివర్సిటీ, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఎంచుకుంటే ఒక పట్టిక వస్తుంది. ఎడమవైపు యూనివర్సిటీ అడిగే కోర్సు, కుడివైపు దానికి సమానమైన మీ కాలేజీ కోర్సు. కుడివైపు రెండు కోర్సుల మధ్య "ఆండ్" అని ఉంటే రెండూ పూర్తిచేస్తేనే ఆ ఒక్కటి చెల్లుతుంది. "నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్" అని ఉంటే ఆ కోర్సు మీ కాలేజీలో లేదని అర్థం. అప్పుడు పక్క కాలేజీ పట్టిక చూడాలి, అక్కడా లేకపోతే చేరాక యూనివర్సిటీలోనే చేస్తాడు. కాల్క్యులస్ సగం డి ఆంజాలో, సగం మీ ఇంటి దగ్గరున్న ఓలోనీలో చేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. ఓలోనీది సెమిస్టర్ పద్ధతి, ముక్కలు అతకవు. వరస ఎక్కడ మొదలైతే అక్కడే ముగియాలి.

బర్క్‌లీ ఒక్కటే అంటున్నారు కాబట్టి ఇది కూడా చెప్పండి. యూసీల్లో ఆరు క్యాంపస్‌లు (డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్) ట్యాగ్ పేరుతో ముందే సీటుకి హామీ ఇస్తాయి. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియేగో ఇవ్వవు. ట్యాగ్ దరఖాస్తు సెప్టెంబరు 1 నుంచి 30 లోపు, ఒకే ఒక్క క్యాంపస్‌కి. అయితే మేజర్ల విషయంలో మెలికలున్నాయి. శాంటా బార్బరా ఇంజినీరింగ్ కాలేజీ ట్యాగ్‌లోనే లేదు, కంప్యూటర్ సైన్స్‌ని మినహాయించిన చోట్లు ఇంకా ఉన్నాయి. ఆ ఏటి పట్టిక చూసే నిర్ణయించుకోవాలి. వేరే మేజర్‌లో చేరి లోపల కంప్యూటర్ సైన్స్‌కి మారదాం అనే తెలివి ఇప్పుడు చాలా చోట్ల పనిచేయదు. శాన్ హొసే స్టేట్ యూనివర్సిటీ (ఇది యూసీ కాదు) పేరు చెబితే మొహం చిట్లించకండి. కంప్యూటర్ ఉద్యోగాలకి కూతవేటు దూరంలో ఉంది, అక్కడా ఈ మేజర్‌కి సీట్ల కన్నా అడిగేవాళ్లే ఎక్కువ.

డబ్బు సంగతి మీవారికి ఊరట. యూనిట్‌కి 31 డాలర్లు. 90 యూనిట్లకి 2,790, పుస్తకాలూ చిల్లర ఫీజులూ అదనం. అదే యూసీలో ట్యూషనూ ఫీజులూ ఏడాదికే 15 వేలు దాటతాయి. చివర్లో చేతికొచ్చే పట్టా మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ అన్న మాటే ఉండదు.

ఇప్పుడు ఇంటి విషయం. ఆయన ఒకరోజు కోపంతో కాలేజీకి ఫోన్ చేసి గ్రేడ్లు చెప్పమంటారు. పిల్లవాడు రాసివ్వకుండా వాళ్లు చెప్పరు, పద్దెనిమిది నిండకపోయినా సరే. ఆ గోప్యత హక్కు కాలేజీలో అడుగుపెట్టిన రోజునే విద్యార్థికి వస్తుంది, అది ఫెడరల్ చట్టం. కాబట్టి వాడి చదువు తెలియాలంటే వాడితో మాట కలపడం తప్ప మరో దారి లేదు. దీన్ని బెదిరింపులా కాకుండా, మామూలు సమాచారంలా ముందే ఆయన చెవిన వేయండి.

డేవిస్ అబద్ధం మీవారు చెప్పింది, దించాల్సిందీ ఆయనే. వాడి చేత చెప్పించకండి. "డేవిస్ కాదమ్మా, ఇంటి దగ్గర కాలేజీలో రెండేళ్లు చదివి అప్పుడు వెళ్తాడు" అని ఒక్క వాక్యం చాలు. గుంటూరులో పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరినవాళ్లు మీ అత్తగారికి తెలియకపోరు. ఆవిడకి అర్థమయ్యే పోలిక అదే. గదిలోకి వెళ్లి తలుపేసుకోవడం మటుకు తేలిగ్గా తీసుకోకండి. తిండి, నిద్ర తగ్గినా, స్నేహితుల్ని కూడా కలవడం మానేసినా డాక్టరుకి చూపించండి. కాలేజీలోనూ మనసు కౌన్సెలర్లుంటారు.

ఈ వారంలో జరగాల్సిన పని ఒకటి. క్లాసులు మొదలయ్యేలోపు మీవాడు అకడమిక్ కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ తీసుకుని ఆరు క్వార్టర్ల ఎడ్యుకేషన్ ప్లాన్ రాయించుకోవాలి. అది లేకపోతే వచ్చే క్వార్టర్ రిజిస్ట్రేషన్‌లో వెనక్కి పోతాడు, 22బి లాంటి క్లాసుల్లో సీట్లు నిండిపోతాయి. ఆ కాగితం ప్రింటు తీసి భోజనాల బల్ల మీద పెట్టమనండి. మీరు ఏమీ అనకండి, ఆయన తీసి చదువుకుంటారు. మొదటి ప్రశ్న ఆయనే అడగనివ్వండి, జవాబు వాణ్ణి చెప్పనివ్వండి.