మందు తుపాకీకి ముందు నీళ్లు, తర్వాతే కొవ్వు

ప్రశ్న: పెన్సిల్వేనియాలో ఉంటున్న మా అబ్బాయి, 18వ శతాబ్దపు పద్ధతిలో మూతి నుంచి మందు కూరే చెకుముకి తుపాకీతో గురి సాధన చేస్తున్నాడు. దానిని ఆ కాలపు వేటగాళ్లలాగే నీళ్లతో, నారతో, జంతువుల కొవ్వుతో శుభ్రం చేస్తానంటున్నాడు. నీళ్లు తగిలితే ఇనుము తుప్పు పట్టదా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ సందేహం సహజమైనదే కానీ, ఈ తుపాకీని తినేసేది నీళ్లు కాదు, కాల్చిన తర్వాత గొట్టంలో మిగిలే మసి. ఇందులో వాడే నల్ల తుపాకీమందులో సుమారు 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం ఉంటాయి. అది మండినప్పుడు బరువులో సగానికి పైగా పొగగానూ మసిగానూ ఘనరూపంలోనే మిగులుతుంది. అందులోని పొటాషియం లవణాలు గాలిలోని తేమను పీల్చుకొని ఇనుమును తినేస్తాయి. అవి నూనెలో కరగవు, నీటిలో ఇట్టే కరిగిపోతాయి. అందువల్ల కడగకుండా పైన నూనె రాయడమంటే తుప్పును లోపల పెట్టి మూత వేయడమే.

అన్నిటికంటే ముందు తుపాకీలో మందు, గుండు లేవని నిర్ధారించుకోవాలి. కూరే కడ్డీని గొట్టంలోకి అడుగంటా దింపి, మూతి దగ్గర గుర్తు పెట్టి, అదే కడ్డీని బయట గొట్టం పక్కన ఆనించి చూస్తే, దాని కొస నిప్పు రంధ్రం (గొట్టం అడుగున లోపలి మందుకు నిప్పు అందే చిన్న చిల్లు) దాకా రావాలి. రాకపోతే లోపల ఏదో ఉన్నట్లే.

పెన్సిల్వేనియా పొడవు తుపాకుల్లో గొట్టాన్ని కొయ్యకు మేకులతో బిగించేవారు కాబట్టి దానిని ప్రతిసారీ ఊడదీయడం మంచిది కాదు. చెకుముకి యంత్రాన్ని మాత్రం విప్పి పక్కన పెట్టి, నిప్పు రంధ్రంలో చెక్కిన పుల్ల బిగించి, గోరువెచ్చని నీళ్లు పోసి, మూతిని మూసి ఊపి పారబోయాలి. మొదటి నీళ్లు సిరాలా నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో వస్తాయి. అది మసిలోని గంధకం వాసన. తర్వాత కడ్డీ చివర మెలికల ఇనుప కొక్కేన్ని గట్టిగా బిగించి, దానికి అవిసె నార చుట్టి, తడిపి, పైకీ కిందికీ లాగుతూ, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. కొక్కెం వదులైతే నారతో సహా గొట్టం అడుగున ఇరుక్కుపోతుంది, కాబట్టి ఈ బిగింపులో అశ్రద్ధ పనికిరాదు. వాడిన నారను ఉతికి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. నాటివాళ్లు ఆరిన నారనే నిప్పు రాజేయడానికీ వాడేవారు.

పొడి నారతో పూర్తిగా తుడిచి, గొట్టం ఆరాకే కొవ్వు పట్టించాలి. అప్పటి అమెరికా సరిహద్దు ప్రాంతాల్లో ఎలుగుబంటి కొవ్వు ప్రసిద్ధి. ఇప్పుడు ఉప్పు కలపకుండా కాచిన పశువుల కొవ్వు చాలు. ఉప్పు ఉన్నదైతే పడిన శ్రమంతా వృథా. మరునాడు తెల్లని గుడ్డతో ఒకసారి లోపల తుడిచి చూడమనండి. గుడ్డకు ఎర్రని మరక అంటితే మళ్లీ కడగవలసిందే.

ఆ కాలపు సైనికులు ఇటుక పొడితో గొట్టాలను మెరిపించేవారు. ఆ పద్ధతిని మాత్రం నేను సమర్థించను. అది ఇనుమును కొద్దికొద్దిగా అరగదీస్తుంది. పాతకాలపు అసలు తుపాకీ అయితే దాని గోధుమరంగు పూత శాశ్వతంగా పోతుంది.

మళ్లీ కాల్చే ముందు గొట్టంలోని కొవ్వునూ, మందు పోసే గిన్నెనూ, చెకుముకి రాయి అంచునూ పొడిగా తుడవాలి. అక్కడ జిడ్డు ఉంటే నిప్పురవ్వ సరిగా పుట్టదు, పుట్టినా మందు అంటుకోదు.