తంబుర గోడకెక్కాక నాన్నగారికి నిద్ర లేదు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 68 ఏళ్లు. నలభై ఏళ్లకు పైగా బుర్రకథ చెప్పారు. మొన్న దసరా పందిట్లో పైస్థాయి అందక గొంతు జీరబోయింది. ఎవరో నవ్వారట. ఇంటికొచ్చి తంబుర గోడకు తగిలించి "ఇక ఊళ్లు తిరగను" అన్నారు. సంక్రాంతి బయానాలు కూడా తిరిగిచ్చేశారు. గొంతు బొంగురు ఇంకా తగ్గలేదు. రెండు నెలలుగా పెద్దగా మాట లేదు, అర్ధరాత్రి అరుగు మీద తిరుగుతుంటారు. అమ్మతో రోజూ గొడవే. కథలో పక్కన గుమ్మెట డోళ్లు వాయిస్తూ వంత పాడే వంతలిద్దరూ ఫోన్ చేస్తే ఎత్తరు. పెద్ద సన్మానం చేయించి మళ్లీ స్టేజీ ఎక్కిద్దామని అన్నయ్య అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ సన్మానం ఆపించండమ్మా. ఇంకో శాలువా కప్పితే గొంతు తిరిగి రాదు. పైగా నలుగురిలో మళ్లీ ఆ పైస్థాయే అందుకోమన్నట్టు ఉంటుంది. బయానాలు వెనక్కిచ్చారంటే ఆయన అలిగి మానలేదు, ఆలోచించే మానారు.

నిద్ర సంగతి మీరు అనుకున్నంత భయపడాల్సింది కాదు. రాత్రి పదింటికి గజ్జె కట్టి, తెల్లారగట్ల బస్సెక్కి వచ్చి, పగలు పడుకున్న మనిషి. ఆ ఒంటికి అర్ధరాత్రంటే పనివేళే. పగటి నిద్ర కొంచెం కొంచెంగా తగ్గించి, పొద్దున్నే కాలవగట్టు మీద నడిపించండి. గొంతు మాత్రం వెంటనే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. బొంగురు మూడు వారాలు దాటితే చూపించుకోవాల్సిందే, చుట్ట అలవాటుంటే మరీనూ. వయసుకు స్వరతంత్రులు పలచబడటం మామూలే. శ్రుతి కాస్త దించుకుంటే ఇంట్లో హాయిగా పాడుకోవచ్చు. తిండి మానేసినా, బతుకు మీద విరక్తిగా మాట్లాడినా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

ఇక అమ్మగారు. దసరా, సంక్రాంతి, అంతర్వేది తీర్థం, శ్రీరామనవమి... ఊళ్లో అందరి మొగుళ్లూ ఇంట్లో ఉండే రోజుల్లో ఆవిడ మొగుడు ఏదో ఒక పందిట్లో ఉన్నాడు. పిల్లల జ్వరాలు, పాలవాడి లెక్క, గోదారి వాన పడితే కారే పెంకు, అన్నీ ఒక్కతే చూసుకుంది. ఇప్పుడాయన వంటింటి గుమ్మంలో కూర్చుని పులుసులో ఉప్పు గురించి చెబితే ఒళ్లు మండదా? రిటైరైన బ్యాంకు మేనేజర్ల ఇళ్లలోనూ ఇదే గోల, కాకపోతే వాళ్లకి పెన్షనుంటుంది. ఆవిడ పనిలో వేలు పెట్టొద్దని నాన్నగారికి మీరే చెప్పండి. బయటి పని ఏదైనా ఆయనకే వదిలేయండి. పెన్షనంటే గుర్తొచ్చింది: 60 దాటిన కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ పథకం కింద నెలకు 6 వేల రూపాయల వరకు సాయం అందుతుంది. ఆదాయ పరిమితి ఉంది. పాత కరపత్రాలు, ఫోటోలు, ప్రశంసాపత్రాలు పారేయకండి, దరఖాస్తుకు పనికొస్తాయి.

నాకు అసలు ముల్లు కనిపిస్తున్నది వంతల దగ్గర. బుర్రకథ ఒక్కడి కథ కాదు. ఆయన తంబుర దించితే పక్కన రెండు గుమ్మెటలూ మూగబోతాయి, రెండు ఇళ్లలో పండగ సంపాదన పోతుంది. ఇన్నేళ్లూ ఆయన ఆగిన చోటల్లా 'తందాన' అని అందుకున్నది వాళ్లే. ఈసారి ఆగుతున్నానని వాళ్లకే చెప్పలేదు. ఫోన్ ఎత్తనిది కోపంతో కాదు, మొహం చెల్లక.

ఒక ఆదివారం వాళ్లిద్దరినీ భోజనానికి పిలిపించండి. హాస్యం చెప్పే వంత చేతికి తంబుర ఇచ్చి, బొబ్బిలి కథో అల్లూరి కథో నేర్పితే ఆయనకు చేతినిండా పని, వాళ్లకు దారి. ఆ తంబుర ఇవ్వాలో వద్దో మాత్రం ఆయన్నే తేల్చుకోనివ్వండి. అన్నయ్యను ఆ రోజు సెల్‌ఫోన్‌తో వీడియో తీయొద్దనండి.

పిలుపు మీరు చేయకండి. నంబరు కలిపి ఫోన్ ఆయన చేతిలో పెట్టి, మీరు లోపలికి వెళ్లిపోండి.